పరీక్షలో ఏమీ లేదన్నారు, మరి తమ్ముడికి ఏమైంది?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా తమ్ముడి వయసు 22. రెండు నెలల క్రితం వరుసగా నాలుగు రాత్రులు నిద్రపోలేదు. గోడల్లో కెమెరాలు పెట్టారని, ఫోనులోంచి ఎవరో తన ఆలోచనలు వింటున్నారని, నాన్న తన భోజనంలో విషం కలుపుతున్నారని అనడం మొదలుపెట్టాడు. ఒక అర్ధరాత్రి కిటికీ అద్దం పగలగొట్టాక ఆసుపత్రిలో చేర్పించాం. మూత్ర పరీక్షలో గంజాయితో సహా ఏ మత్తు పదార్థమూ లేదని వచ్చింది. తర్వాత వాడి స్నేహితుడు నన్ను పక్కకు పిలిచి, ఐదారు నెలలుగా ఇద్దరూ ఎండుటాకు పొడిలా ఉండే ప్యాకెట్లు తెప్పించుకుని కాలుస్తున్నామని, అది గంజాయి కాదని, దానికన్నా సురక్షితమని, పరీక్షల్లో దొరకదని చెప్పాడు. మూడు వారాల చికిత్సతో తమ్ముడు చాలావరకు మామూలు మనిషయ్యాడు. ఇప్పుడు మాత్రలు వేసుకోనంటున్నాడు. నాన్న ఒకరోజు మాత్రలకు అలవాటు పడతాడేమోనని భయపడుతున్నారు, మరుసటి రోజు జబ్బు తిరగబెడుతుందేమోనని ఆహారంలో కలిపి పెడదామంటున్నారు. మా మేనత్తకు స్కిజోఫ్రీనియా ఉండేది. తమ్ముడికి వచ్చింది ఆ జబ్బేనా, లేక మత్తు వల్ల వచ్చినదా? మాత్రలు ఎంతకాలం వాడాలి? వాడితో ఎలా మాట్లాడాలి?
– ఒక అక్క

జవాబు: అమ్మా, ముందుగా ఆ మూత్ర పరీక్ష సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ కాగితాన్ని చూసి మీ ఇంట్లో వాళ్లు రెండు రకాలుగా పొరబడే అవకాశం ఉంది. ఏమీ లేదన్నారు కాబట్టి పిల్లవాడు ఏమీ తీసుకోలేదనుకోవడం ఒకటి. మత్తు లేదు కాబట్టి ఇది మేనత్తకు వచ్చిన జబ్బేనని తీర్మానించుకోవడం రెండోది. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ ఆ పరీక్ష చెప్పలేదు. ఆసుపత్రుల్లో మామూలుగా చేసే మూత్ర పరీక్ష గంజాయి, నల్లమందు జాతి మందులు, కొకైన్, యాంఫిటమిన్ వంటి కొన్ని పాత పదార్థాలను మాత్రమే, వాటి అణువుల ఆకారాన్ని బట్టి యాంటీబాడీల సాయంతో పట్టుకుంటుంది. గంజాయి కోసం తయారైన పరీక్ష, గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం శరీరంలో మార్పు చెందినప్పుడు ఏర్పడే పదార్థాన్ని వెతుకుతుంది. మీ తమ్ముడు కాల్చినది, మీరు రాసిన వివరాలను బట్టి, సింథటిక్ కానబినాయిడ్, అంటే గంజాయిలా పనిచేసేలా ప్రయోగశాలలో తయారైన రసాయనం, అయ్యే అవకాశం ఎక్కువ. అది మెదడులో గంజాయి పనిచేసే చోటే పనిచేసినా దాని రసాయన నిర్మాణం వేరు కాబట్టి ఆ పరీక్షకు చిక్కదు. అణువులను వాటి బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ సౌకర్యం ఉన్న ప్రయోగశాలలు వీటిలో చాలావాటిని గుర్తించగలవు గానీ, అక్కడ కూడా పోల్చి చూసుకోవడానికి నమూనా లేని కొత్త పదార్థం జారిపోతూనే ఉంటుంది.

అందువల్ల ఇటువంటి రోగుల విషయంలో నేను కాగితం మీది ఫలితం కన్నా పక్కనున్న వాళ్లు చెప్పే మాటకు ఎక్కువ విలువ ఇస్తాను. ఆ స్నేహితుడు చెప్పినదంతా, ఎన్ని నెలలుగా, రోజుకు ఎన్నిసార్లు, ఆఖరిసారి ఎప్పుడు అన్న వివరాలతో సహా, వైద్యం చేస్తున్న డాక్టరుకు తప్పక చేరవేయండి. ఖాళీ ప్యాకెట్ మిగిలి ఉంటే పారేయకుండా తీసుకెళ్లి చూపించండి. నిజం చెప్పినందుకు ఆ కుర్రవాణ్ణి మాత్రం నిలదీయవద్దు. అతను కాల్చినదీ అదే పొడి, అతనికీ వైద్యుల సాయం అవసరం కావచ్చు.

ఇక ఆ ప్యాకెట్లో ఏముంటుందో మీరు, మీకన్నా ఎక్కువగా మీ తమ్ముడు, తెలుసుకోవాలి. అందులో ఆకు ఉత్త వేషం. రసాయనాన్ని ద్రావకంలో కరిగించి ఏదో ఒక ఆకుపొడి మీద చల్లి ఆరబెడతారు. ఈ రసాయనాల పుట్టుక మత్తు వ్యాపారంలో జరగలేదు. అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో జాన్ డబ్ల్యూ. హఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త, మెదడులోని కానబినాయిడ్ గ్రాహకాలు, అంటే గంజాయి రసాయనాలు వచ్చి అతుక్కునే చోట్లు, ఎలా పనిచేస్తాయో అర్థం చేసుకోవడానికి వందలాది అణువులను తయారు చేసి ఆ వివరాలను శాస్త్ర పత్రికల్లో ప్రచురించారు. ఆయన పేరులోని పొడి అక్షరాలతోనే పిలిచే జేడబ్ల్యూహెచ్-018 అనే అణువు, 2008 చివర్లో జర్మనీలో 'స్పైస్' పేరుతో ధూపద్రవ్యంగా అమ్ముడవుతున్న పొట్లాలలో బయటపడింది. మందుగా వాడటానికి మనుషుల మీద ఎన్నడూ పరీక్షించని పదార్థాన్ని వేలమంది అప్పటికే పీల్చేస్తున్నారు. ఒక అణువును చట్టం నిషేధిస్తే తయారీదారులు దాని కొసన చిన్న మార్పు చేసి మరొక అణువును దింపడం అప్పటి నుంచీ జరుగుతూనే ఉంది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం నమోదు చేసిన కొత్త మత్తు పదార్థాల సంఖ్య 1,000 దాటింది. స్నానపు లవణాలనీ, మొక్కల ఎరువులనీ, పరిశోధన రసాయనాలనీ పేర్లు పెట్టి, 'మనుషుల వాడకానికి కాదు' అని పొట్లం మీద అచ్చు వేసి అమ్మినవన్నీ ఈ కోవలోవే.

'గంజాయి కన్నా సురక్షితం' అన్న మాట ఎంత తప్పో చెప్పడానికి కాస్త లోపలికి వెళ్లాలి. మెదడు కణాల మీద సీబీ1 అనే గ్రాహకాలు ఉంటాయి. మన జ్ఞాపకం, భయం, ఆకలి, సమయస్పృహ వంటి ఎన్నో వ్యవహారాల్లో కణాల మధ్య సంకేతాల జోరును అవి అదుపు చేస్తుంటాయి. గంజాయిలోని టీహెచ్‌సీ ఆ గ్రాహకాన్ని కొంతవరకే ప్రేరేపించగలదు, ఎంత మోతాదు ఎక్కించినా ఒక హద్దు దగ్గర దాని ప్రభావం ఆగుతుంది. సింథటిక్ కానబినాయిడ్లలో చాలావాటికి ఆ హద్దు లేదు, అవి గ్రాహకాన్ని పూర్తిగా ప్రేరేపిస్తాయి. పైగా, గంజాయి మొక్కలో టీహెచ్‌సీ దుష్ఫలితాలను కొంత మేరకు తగ్గిస్తుందని భావించే కానబిడయోల్ అనే పదార్థం ఉంటుంది, ఈ పొడిలో అది బొత్తిగా ఉండదు. గంజాయి హానికరం కాదని నేను చెప్పడం లేదు. మానసిక వ్యాధి లక్షణాలు ఒకసారి కనిపించిన మీ తమ్ముడి వంటి వారికి అదీ ప్రమాదమే. అయితే దానికి బదులుగా ఇది మేలని చెప్పేవాళ్లు చెబుతున్నది పచ్చి అబద్ధం.

మోతాదు సంగతి మరీ ఘోరం. చల్లిన ద్రావకం పొడి అంతటికీ సమానంగా పట్టదు. ఒకే ప్యాకెట్లో ఒక చిటికెడు ఏ ప్రభావమూ చూపకపోవచ్చు, పక్క చిటికెడు మనిషిని పడగొట్టవచ్చు. 2016 జులైలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒకే ప్రాంతంలో 33 మంది శూన్యంలోకి చూస్తూ, పిలిస్తే పలకకుండా, మూలుగుతూ వీధిలో పడిపోయారు. వారు కాల్చిన పొడిలో దొరికిన ఏఎంబీ-ఫ్యుబినాకా అనే పదార్థం టీహెచ్‌సీ కన్నా సుమారు 85 రెట్లు శక్తిమంతమని పరిశోధకులు లెక్కకట్టారు. 2018లో అమెరికాలోనే ఇల్లినాయ్ రాష్ట్రంలో 150 మందికి పైగా ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి రక్తస్రావంతో ఆసుపత్రులకు వచ్చారు, కొందరు మరణించారు కూడా. ఎలుకల మందులో వాడే బ్రోడిఫాకం అనే విషం ఆ పొడిలో కలిసి ఉండటమే కారణం. మీ తమ్ముడికి తరచు ముక్కులోంచి రక్తం రావడం, చిన్న దెబ్బకే పెద్ద కమిలిన మచ్చలు పడటం వంటివి ఎప్పుడైనా కనిపిస్తే ఆలస్యం చేయకుండా రక్తం గడ్డకట్టే పరీక్ష చేయించండి.

ఈ కొత్త పదార్థాల్లో వేరే కుటుంబాలు కూడా ఉన్నాయి. కొన్నాళ్లు పొడి కాల్చిన వారు తర్వాత వేరే బిళ్లలకు, స్ఫటికాలకు మారడం, లేదా ప్యాకెట్ మీద ఒక పేరుండి లోపల మరొకటి ఉండటం మామూలే కాబట్టి వాటి పేర్లు కూడా చెబుతాను. మెఫెడ్రోన్, ఎండీపీవీ, ఆల్ఫా-పీవీపీ వంటి సింథటిక్ కాథినోన్లు అనే ఉత్తేజక పదార్థాలు మెదడులో డోపమిన్ అనే సంకేత రసాయనాన్ని ఉప్పెనలా పెంచుతాయి. రోజుల తరబడి నిద్ర ఉండదు, ఎవరో వెంటాడుతున్నారనే భయం పెరుగుతుంది, చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు అనిపిస్తుంది, ఒళ్లు కాలిపోయేంత జ్వరం వస్తుంది. మెఫెడ్రోన్‌ను మొదట తయారు చేసింది 1929లో అయినా, మత్తు కోసం విరివిగా వాడటం మొదలైంది ఈ శతాబ్దంలోనే. ఎన్‌బోమ్ జాతి పదార్థాలను, భ్రాంతులు కలిగించే ఎల్‌ఎస్‌డీ అని చెప్పి చిన్న కాగితపు ముక్కల మీద అమ్ముతారు, మైక్రోగ్రాముల్లో తూచవలసిన వాటి మోతాదు కాస్త తప్పినా ప్రాణాపాయమే. శస్త్రచికిత్సల్లో స్పృహ తప్పించడానికి వాడే కెటమిన్‌ను పోలినవి మనిషికి తన ఒంటితోనే సంబంధం తెగిపోయినట్టు చేస్తాయి. నిద్రమాత్రలను పోలిన కొత్త బెంజోడయజిపైన్లు వాడేవారు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. నిటజీన్లు నల్లమందు జాతికి చెందిన సింథటిక్ మందులు, అవి మానసిక లక్షణాల కన్నా ముందు ఊపిరినే ఆపేస్తాయి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు దగ్గరగా వద్దాం. ఈ పదార్థాలు మనసుకు చేసే హాని ఒక్క రూపంలో ఉండదు, ఆ రూపాల మధ్య తేడా తెలియకపోవడమే చాలా కుటుంబాలను తికమకపెడుతుంది. మత్తు ఎక్కిన కొన్ని గంటల్లోనే కొందరికి మన పెద్దవాళ్లు సంధి అనే స్థితి వస్తుంది. వైద్యులు దాన్ని డెలీరియం అంటారు. మనిషికి తాను ఎక్కడున్నాడో తెలియదు, ఎదురుగా ఉన్నవాళ్లను పోల్చుకోలేడు, ఒక నిమిషం తెలివిగా కనిపించి మరుక్షణం అయోమయంలో పడతాడు. ఇది మనసు జబ్బుగా కనిపించే శరీరపు అత్యవసర పరిస్థితి. దీన్ని సైకోసిస్‌గా, అంటే భ్రమలు, లేని మాటలు వినిపించే మానసిక స్థితిగా, పొరబడి ఇంట్లోనే ఉంచితే ప్రాణం పోవచ్చు.

సైకోసిస్‌లో మాత్రం తెలివి స్పష్టంగానే ఉంటుంది. తన పేరు, వారం, తేదీ అన్నీ చెబుతాడు, అయినా గోడలో కెమెరా ఉందని నమ్ముతాడు, ఎవరూ లేని గదిలో మాటలు వింటాడు. మీ తమ్ముడిలో మీరు వర్ణించినది ఇదే. సింథటిక్ కానబినాయిడ్లు అంతకుముందు ఏ మానసిక సమస్యా లేనివారిలో కూడా దీన్ని పుట్టించగలవు, ముందే జబ్బు ఉన్నవారిలో దాన్ని రెచ్చగొట్టగలవు. ఇటువంటి కేసులను గమనించిన కొందరు పరిశోధకులు 2013లో 'స్పైసోఫ్రీనియా' అనే మాటను వాడారు. నాకు ఆ పేరు నచ్చదు, ఎందుకంటే అదేదో తేల్చి చెప్పిన వేరే జబ్బు అన్న భావన కలుగుతుంది, రోగి మీద ఇంకొక ముద్ర పడుతుంది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11, సింథటిక్ కానబినాయిడ్ల వల్ల, సింథటిక్ కాథినోన్ల వల్ల వచ్చే రుగ్మతలకు విడివిడిగా స్థానం కల్పించింది. మీ డాక్టరు ఆ వర్గీకరణ ప్రకారం రాస్తే సరిపోతుంది.

మిగిలిన రూపాలు పైకి అంతగా కనబడవు. మానేసిన తొలి రోజుల్లో నిద్రలేమి, చెమటలు, వాంతులు, ఒణుకు, చిరాకు, మళ్ళీ కాల్చాలన్న తీవ్రమైన కోరిక కలుగుతాయి, అరుదుగా ఫిట్స్ వస్తాయి. తర్వాతి వారాల్లో ఏదీ రుచించని దిగులు, గుండె దడతో వచ్చే భయం, మతిమరుపు కొందరిని పట్టి పీడిస్తాయి. భ్రాంతులు కలిగించే పదార్థాలు వాడినవారిలో కొందరికి నెలల తర్వాత కూడా వస్తువుల చుట్టూ వెలుగు వలయాలు, కదిలే వాటి వెనుక నీడల్లాంటి జాడలు కనిపిస్తూ ఉంటాయి. ఈ దిగులు దశలోనే ఆత్మహత్య ఆలోచనలు వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి, భ్రమలు తగ్గాయి కదా అని కుటుంబం నిశ్చింతగా ఉండే సమయం ఇది కాదు.

మత్తు వల్లనా, స్కిజోఫ్రీనియానా అన్నదానికి నిజాయితీగా చెప్పగల సమాధానం ఒక్కటే: ఇవాళ ఎవరూ తేల్చలేరు, గడిచే నెలలే తేలుస్తాయి. ఏ స్కానింగూ, ఏ రక్త పరీక్షా దీన్ని విడదీసి చెప్పలేదు. మేము చూసేది కాలక్రమాన్ని. వాడకం మొదలయ్యాక లక్షణాలు వచ్చాయా, ముందే ఉన్నాయా? మానేశాక ఎన్నాళ్లకు తగ్గాయి? అమెరికా సైకియాట్రిస్టుల సంఘం మానసిక వ్యాధుల నిర్ధారణ కోసం రూపొందించిన పుస్తకం డీఎస్‌ఎం-5 ప్రకారం, మత్తు ప్రభావం తగ్గాక సుమారు ఒక నెల దాటి కూడా లక్షణాలు కొనసాగితే మత్తుతో సంబంధం లేని జబ్బును అనుమానించాలి. మీ తమ్ముడు మూడు వారాల్లో కోలుకోవడం అందుకే ఒక మంచి సూచన. అయితే ఆ మూడు వారాలు అతను మందులు వేసుకుంటూనే ఉన్నాడన్నది మరవకూడదు. తగ్గించినది కాలమా, మందా అన్నది ఆ మూడు వారాలను చూసి చెప్పలేం.

ఇక్కడ ఒక లెక్క చెప్పడం అవసరం, భయపెట్టడానికి మాత్రం కాదు. మత్తు వల్ల వచ్చిన సైకోసిస్ అని మొదట నిర్ధారణ అయినవారిలో దాదాపు నాలుగో వంతు మంది తర్వాతి సంవత్సరాల్లో స్కిజోఫ్రీనియా నిర్ధారణకు చేరుకుంటున్నారని 2020లో ప్రచురితమైన ఒక సమగ్ర విశ్లేషణలో తేలింది. గంజాయి వల్ల వచ్చిన సైకోసిస్‌లో ఆ నిష్పత్తి సుమారు మూడో వంతు. అంటే ఎక్కువ మంది ఆ దారిన పోలేదు, కానీ పోయినవారు తక్కువేమీ కాదు. చిన్న వయసులో రావడం, కుటుంబంలో జబ్బు ఉండటం, మళ్ళీ వాడటం ప్రమాదాన్ని పెంచుతాయి. మేనత్త విషయానికొస్తే, జనంలో స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం జీవితకాలంలో సుమారు 1 శాతం, తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఉన్నప్పుడు దాదాపు 10 శాతం వరకు పెరుగుతుంది, మేనత్తకు ఉంటే పెరుగుదల అంతకన్నా బాగా తక్కువ. ఆవిడ జబ్బు మీ తమ్ముడి తలరాత కాదు. ఈ కారణాలన్నింటిలో మనిషి చేతిలో ఉన్నది ఒక్కటే, మళ్ళీ వాడకపోవడం. మెదడు ఎదుగుదల ఇరవైల మధ్య వరకు కొనసాగుతుంది కాబట్టి, 22 ఏళ్ల వయసులో ఆ పని చేయగలిగితే దాని ఫలితం పెద్దది.

పేరు తేలే వరకు చికిత్స ఆగవలసిన పని లేదు, ఎందుకంటే ఏ పేరు పెట్టినా ఇప్పుడు చేయవలసిన వైద్యం దాదాపు ఒక్కటే. మీ నాన్నగారి భయాన్ని ఇక్కడ తీర్చాలి. సైకోసిస్ తగ్గించే మందులు వ్యసనం కలిగించవు. వాటి కోసం సాధారణంగా ఎవరూ వెంపర్లాడరు, మోతాదు పెంచుకుంటూ పోరు. అలవాటయ్యేవి వేరే ఉన్నాయి. ఆందోళన తగ్గడానికి, నిద్రకు ఇచ్చే లోరజిపామ్, డయజిపామ్, క్లోనజిపామ్ జాతి మాత్రలకు శరీరం అలవాటు పడుతుంది, అందుకే వాటిని ఆసుపత్రి రోజుల్లో వాడి తర్వాత మెల్లగా తగ్గిస్తారు. మీ తమ్ముడి చీటీలో ఏ మాత్ర ఏ జాతిదో డాక్టరును అడిగి పక్కన రాసుకోండి. ఇంట్లో జరిగే వాదనలో సగం ఆ ఒక్క పనితో తీరిపోతుంది.

ఎంతకాలం అన్నదానికి అందరికీ పనికొచ్చే తేదీ లేదు. లక్షణాలు పూర్తిగా పోయి, వాడకం నిజంగా ఆగిందని నమ్మకం కలిగాక, కొన్ని నెలలు స్థిరంగా ఉంటే, మోతాదును అంచెలంచెలుగా తగ్గిస్తూ గమనించడం నా పద్ధతి. స్కిజోఫ్రీనియా వైపు సూచనలు కనిపిస్తే ఆ వ్యవధి ఏడాది, రెండేళ్లు, అంతకన్నా ఎక్కువ కూడా కావచ్చు. తనంతట తాను హఠాత్తుగా ఆపేయడం మాత్రం అన్నిటికన్నా చెడ్డ దారి. తిరగబెట్టినప్పుడు అది మందు ఆపినందుకా, మళ్ళీ కాల్చినందుకా, అసలు జబ్బేనా అన్నది ఎవరికీ అంతుపట్టకుండా పోతుంది, మనం ఎదురుచూస్తున్న సమాధానం ఇంకా దూరమవుతుంది.

అతను మాత్రలు ఎందుకు వద్దంటున్నాడో ఎవరైనా అడిగారా? నాకు ఉత్తరాలు రాసే కుటుంబాల్లో చాలామంది ఈ ప్రశ్న అడగకుండానే పోరాటం మొదలుపెడతారు. బరువు పెరగడం, పగలంతా మత్తుగా ఉండటం, కండరాలు బిగుసుకోవడం, కాలు ఒక చోట నిలవని అశాంతి, లైంగిక ఇబ్బందులు ఈ మందులతో వస్తాయి, వయసులో ఉన్న కుర్రవాడు వాటిలో కొన్నింటిని అక్కతో చెప్పుకోలేడు. వీటిలో చాలావాటికి మోతాదు సర్దడం వల్లనో, మందు మార్చడం వల్లనో పరిష్కారం దొరుకుతుంది. బరువు, రక్తంలో చక్కెర, కొవ్వు అప్పుడప్పుడు చూపించాలి. ఇంకొక చిన్న సంగతి. ఆ పొడిని పొగాకుతో కలిపి కాల్చేవాడై, ఇప్పుడు పొగ పూర్తిగా మానేసి ఉంటే, సైకోసిస్‌కు ఇచ్చే ఓలాంజపిన్ వంటి కొన్ని మందుల స్థాయి రక్తంలో పెరుగుతుంది. పొగ ఆ మందును కాలేయం త్వరగా ఖర్చు చేసేలా చేస్తుంది కాబట్టి, పొగ ఆగితే అదే మోతాదు ఎక్కువైపోతుంది. మత్తుగా ఉందని అతను చేస్తున్న ఫిర్యాదు అక్షరాలా నిజమై ఉండవచ్చు.

మాత్రను ఆహారంలో కలిపి పెట్టడం మాత్రం దయచేసి చేయవద్దు. నాన్న భోజనంలో విషం కలుపుతున్నారన్నది అతని భ్రమ. తెలియకుండా మందు కలిపితే ఆ భ్రమలో సగం నిజమవుతుంది. ఒక్కసారి పట్టుబడితే తండ్రి చేతి ముద్దను అతను ఇక నమ్మలేడు, డాక్టరునూ నమ్మడు. రోజూ మాత్ర వేసుకోవడం కష్టంగా ఉన్నవారికి రెండు వారాలకో నెలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి, అతని సమ్మతితో ఆ విషయాన్ని డాక్టరుతో మాట్లాడవచ్చు.

మాట్లాడే తీరు గురించి అడిగారు. ముందు మీ ఇంట్లో ఎవరు మాట్లాడాలో నిర్ణయించుకోండి, అందరూ ఒకేసారి కూర్చోబెట్టి అడిగితే అది విచారణ అవుతుంది. స్నేహితుడు నమ్మి చెప్పింది మీకే కాబట్టి మీరే తగినవారని నా అభిప్రాయం. 'అది ఎందుకు కాల్చావు' అన్న ప్రశ్న కన్నా 'అది నీకు ఏమిచ్చేది' అన్న ప్రశ్న మేలు. నిద్ర కోసమా, ఒంటరితనమా, లేక పరీక్షల్లో దొరకదన్న ధైర్యంతో గంజాయికి బదులుగా మొదలుపెట్టాడా? చాలామంది కుర్రవాళ్లు చెప్పేది ఈ చివరి కారణమే. ఆ రోజుల్లో తనకు వినిపించిన మాటల గురించి అతను చెబితే, అవి అబద్ధమని వాదించకండి, నిజమని ఒప్పుకోకండి. 'నాకు అవి వినిపించలేదు, కానీ నీకెంత భయం వేసి ఉంటుందో ఊహించగలను' అన్నది నిజమైన మాటే కదా. గదిని వెతకడం, ఫోను దొంగతనంగా చూడటం ఒకటి రెండుసార్లు సమాచారం ఇస్తాయి, ఆ తర్వాత ఆ తలుపు శాశ్వతంగా మూసుకుంటుంది. మళ్ళీ ఒకసారి కాల్చాడని తెలిస్తే నమ్మకద్రోహంగా తీసుకోకుండా ఆ వారంలోనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. మత్తు మాన్పించే చికిత్సలో ఇటువంటి జారిపడటాలు ముందే లెక్కలో ఉంటాయి. ఈ పదార్థాలపై కోరికను ఆపే మాత్ర అంటూ ప్రత్యేకంగా ఏదీ లేదు కాబట్టి, కౌన్సెలింగ్ ఇక్కడ చికిత్సలో ముఖ్యభాగమే.

చనిపోవాలనిపిస్తోందా అని అతన్ని సూటిగా అడగడానికి వెనుకాడకండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు, అడిగినప్పుడు బరువు దిగినట్టు చెప్పుకున్నవారినే నేను ఎక్కువగా చూశాను. అవునంటే అతన్ని ఒంటరిగా వదలకుండా అదే రోజు వైద్యుల దగ్గరకు తీసుకెళ్లాలి.

మళ్ళీ అటువంటి రాత్రి వస్తే ఏం చేయాలో ఇప్పుడే తెలిసి ఉండాలి. గదిలో వెలుతురు, చప్పుడు, మనుషులు తగ్గించండి. ఒకరే మెల్లగా మాట్లాడండి. అతనికీ తలుపుకీ మధ్య అడ్డుగా నిలబడకండి. కట్టివేయడం, బోర్లా పడేసి పైన కూర్చోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఈ మత్తుల్లో శరీరపు వేడి, కండరాల ఒత్తిడి ముందే హద్దు మీరి ఉంటాయి, పెనుగులాటతో అవి ఇంకా పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఒళ్లు కాలిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, ఛాతీ నొప్పి అన్నా, మిమ్మల్ని పోల్చుకోలేకపోయినా, కండరాలు కర్రలా బిగిసినా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. పిలిచినా లేవనంత మత్తులో ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి చూస్తూ, అంబులెన్సును పిలవండి. పెదవులు నీలంగా మారి ఊపిరి నెమ్మదించిందంటే నల్లమందు జాతి పదార్థం అందులో ఉందేమోనని, దానికి విరుగుడైన నాలాక్సోన్ ఇవ్వాలేమోనని అక్కడి సిబ్బందికి గుర్తు చేయండి. కాల్చినది ఏమిటో దాచకుండా చెప్పండి. అటువంటి రోగికి మేము ముందుగా శాంతపరిచే బెంజోడయజిపైన్ ఇంజెక్షన్ ఇచ్చి, ఒంటి వేడి తగ్గించి, సెలైన్ పెట్టి, గుండె లయనూ కండరాలు దెబ్బతిన్న జాడలనూ చూసుకుని, ఆ తర్వాతే సైకోసిస్ మందుల జోలికి జాగ్రత్తగా వెళతాం. నిజం తెలియకపోతే ఆ క్రమం తప్పిపోయే ప్రమాదం ఉంది.

అంత దూరం రాకముందే పట్టుకోగలిగిన సూచన ఒకటుంది, అది నిద్ర. మీ తమ్ముడికి అన్నిటికన్నా ముందు చెడినది నిద్రే, మీ ఉత్తరం కూడా దానితోనే మొదలైంది. అతను బాగున్న ఈ రోజుల్లోనే ఇద్దరూ కూర్చుని ఒక కాగితం రాసుకోండి. వరుసగా రెండు రాత్రులు నిద్ర పట్టకపోతే ఎవరికి చెప్పాలి, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలి, ఆసుపత్రికి వెంట ఎవరు రావడం తనకు ఇష్టం, ఎవరు రావడం ఇష్టం లేదు అన్నవి అతని మాటల్లో, అతని చేతిరాతలో ఉండాలి. ఆ కాగితాన్ని, మీరు మందుల పక్కన రాసుకున్న వివరాలను తదుపరి సందర్శనకు తీసుకెళ్లండి. అక్కడ మొదటి పది నిమిషాలు డాక్టరుతో అతన్ని ఒంటరిగా మాట్లాడనివ్వండి, పిలిచాకే మీరు లోపలికి వెళ్లండి. ఆ స్నేహితుణ్ణి కూడా ఒకసారి చూపించుకోమని మీరే చెప్పండి, ఇంట్లో చెప్పుకోలేక మీ దగ్గరకు వచ్చిన కుర్రవాడికి మీ మాట మీద గురి ఉంటుంది.